సవరణ: 1971 కార్గిల్ పోస్టు జ్ఞాపకంలో నాలుగు తప్పులు

హనుమకొండకు చెందిన ఒక మాజీ సైనికుడు 1971 యుద్ధంలో కార్గిల్ కొండల మీద గడిపిన రోజుల జ్ఞాపకాన్ని మొన్న పెట్టాం. అందులో తప్పులు మేం రాసుకోవడంలో దొర్లినవే, పెద్దాయన చెప్పడంలో కాదు.

"డిసెంబరు 16న యుద్ధం ఆగింది" అని రాశాం. ఆ రోజు జరిగింది ఢాకాలో పాకిస్తాన్ సేనల లొంగుబాటు. పడమటి సరిహద్దులో కాల్పుల విరమణ 17వ తేదీ రాత్రి 8 గంటలకు. అంటే గెలిచామన్న కబురు రేడియోలో విన్నాక కూడా ఒక రోజుకు పైగా ట్రెంచీ వదిలే వీల్లేదు. ఆయన చెప్పిన సందిగ్ధమంతా ఆ గంటలదే. మా తేదీ దాన్నే మింగేసింది.

"ఎల్‌వోసీ" (నియంత్రణ రేఖ) అన్న మాట తీసేశాం. అప్పటికి ఉన్నది 1949 నాటి కాల్పుల విరమణ రేఖ. నియంత్రణ రేఖ అన్నది 1972 సిమ్లా ఒప్పందం తర్వాతి మాట.

ఇక రేడియో. "సెల్లులు అయిపోయి మూగబోయింది" అన్నాం. అయిపోలేదు. గడ్డకట్టే చలిలో సెల్లు లోపలి రసాయన చర్య మందగించి వోల్టేజీ పడిపోతుంది (మన వరంగల్ చలికి ఈ తిప్పలు తెలియవు). వాటిని తీసి కాసేపు చొక్కా లోపల ఒంటికి ఆనించి ఉంచితే రేడియో మళ్లీ పలుకుతుంది. కుంపటి పక్కన పెడితే మాత్రం రసం కారి, రేడియోలోని స్ప్రింగులు తుప్పు పడతాయి. షార్ట్‌వేవ్‌లో పగలు 19, 25 మీటర్ల బ్యాండ్లు, రాత్రి 41, 49 మీటర్ల బ్యాండ్లు బాగా అందుతాయి. మేం తారుమారు చేశాం.

ఉత్తరాల చిరునామా "56 ఏపీవో" (ఆర్మీ పోస్టాఫీసు) సరైనదే, మార్చలేదు.