144 హెర్ట్జ్ మానిటర్‌కు 60 హెర్ట్జ్ బతుకు

మానిటర్ పెట్టె మీద 144 హెర్ట్జ్ (సెకనుకు అన్నిసార్లు తెర మీద బొమ్మ మారుతుంది) అని అరచేతంత అక్షరాలు. లినక్స్‌లో సెట్టింగ్స్ తెరిస్తే 60! ఆపైన ఎంచుకోవడానికి ఏమీ లేదు. గ్రాఫిక్స్ కార్డును నడిపే డ్రైవర్ ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉన్నది) అయిన పాపానికి తెర నత్తనడక నడవాలా?

ఎవరిని అడిగినా ఒకటే పాట. కేబుల్ మార్చండి. మార్చాం. లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ కొత్తది వేయండి. వేశాం. తెర మీద బొమ్మ చూపే పాత వ్యవస్థ ఎక్స్11 వదిలేసి కొత్తదైన వేలాండ్‌కు వెళ్లండి. అదీ అయింది. తెర మోడ్‌లు (రిజల్యూషన్, హెర్ట్జ్ జతలు) చూపి మార్చే ఎక్స్‌ర్యాండ్‌ఆర్ కమాండ్ జాబితాలో 59.95 పక్కన, ఇప్పుడు నడుస్తున్నది ఇదే అనే ఆ నక్షత్రం గుర్తు మాత్రం కదలదు, వెక్కిరిస్తూ కూర్చుంటుంది.

తన సత్తా ఏమిటో మానిటరే ఈడీఐడీ అనే చిన్న సమాచారంలో డ్రైవర్‌కు చెప్పుకుంటుంది. మధ్యలో ఏ నాసిరకం అడాప్టరో దాన్ని చెడగొడితే సగం మోడ్‌లు మాయం! పోనీ, సీవీటీ అనే టూల్‌తో మోడ్‌లైన్ (ఆ మోడ్ వివరాలున్న వరుస) లెక్కగట్టి మనమే ఎక్కిద్దామా? ఎక్స్11లో ఎక్కుతుంది, రీస్టార్ట్ చేయగానే గాలికి పోతుంది. వేలాండ్‌లో అయితే ఎక్స్‌ర్యాండ్‌ఆర్ మాట చెల్లనే చెల్లదు.

అన్నిటికంటే ఒళ్లు మండేది హెచ్‌డీఎంఐ వ్యవహారం. పెద్ద రిజల్యూషన్‌లోనూ ఎక్కువ హెర్ట్జ్‌కు దారిచ్చే హెచ్‌డీఎంఐ 2.1 ప్రమాణాన్ని ఓపెన్ సోర్స్ డ్రైవర్‌లో అమలు చేస్తామని గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఏఎండీ ముందుకొస్తే, ఆ ప్రమాణాన్ని చూసుకునే హెచ్‌డీఎంఐ ఫోరం కుదరదు పొమ్మంది. ఆ సంగతి 2024లో బయటపడింది. కార్డుకు సత్తా ఉంది, తెరకు ఉంది, కేబుల్‌కూ ఉంది. అడ్డమంతా కాగితాల దగ్గరే! తెరను కలిపే ఇంకో రకం పోర్టు డిస్‌ప్లేపోర్ట్ వాడుకోవచ్చుగా అని సలహా ఒకటి. ఎన్ని టీవీలకు ఆ పోర్టు ఉంటుందండీ?