పార్ట్‌నర్ అంటారు, అడిగేది సంతకం

గ్రాంటు దరఖాస్తు గడువుకి తొమ్మిది రోజుల ముందు ఏదో విదేశీ యూనివర్సిటీ నుంచి మెయిల్ వస్తుంది. మీతో కలిసి పనిచేయాలని చాలా ఉత్సాహంగా ఉన్నాం అని మొదలవుతుంది. కింద మద్దతు లేఖ కూడా వాళ్లే రాసి జతచేసి ఉంటారు, మన లెటర్‌హెడ్ మీదకి ఎక్కించి సంతకం పెడితే చాలు. ప్రపోజల్ చూపించమంటే రెండు పేజీల సారాంశం వస్తుంది. బడ్జెట్ షీట్ అడిగితే మాత్రం "ఇంకా ఫైనల్ కాలేదండీ".

వారసత్వం, కళలు, డిజైన్ రంగాల్లో జరిగే అంతర్జాతీయ పరిశోధన ప్రాజెక్టుల్లో ఈ 'స్థానిక భాగస్వామి' కుర్చీలో నేను చాలా ఏళ్లుగా కూర్చుంటున్నాను. ఈ రంగానికి నిధులు చాలడం లేదని అందరూ అంటారు, నిజమే. కానీ నా గొడవ వేరు. వచ్చిన ఆ కాస్త డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది, ఎప్పుడు ఆగిపోతోంది?

భాగస్వామ్యాలే వద్దనడం లేదు, అలా అనుకుని కామెంట్లలో మీదపడకండి. చైనాలోని దున్‌హువాంగ్ దగ్గర ఒక గుహలో 1900లో వేల రాతప్రతులు బయటపడ్డాయి. 1907లో బ్రిటన్ తరఫున స్టెయిన్, 1908లో ఫ్రాన్స్ తరఫున పెలియో అనే అన్వేషకులు వచ్చి వెళ్లాక అవి లండన్‌కీ పారిస్‌కీ, ఆ తర్వాత ఇంకా చాలా చోట్లకీ చెదిరిపోయాయి. 1994లో మొదలైన అంతర్జాతీయ దున్‌హువాంగ్ ప్రాజెక్టు వాటిని ఫొటోలు తీయించి ఒకే తెర మీద పక్కపక్కన చూసే వీలు కల్పించింది. ఏ దేశమైనా ఒంటరిగా చేయగల పనేనా ఇది?

ఇక లెక్కల్లోకి వద్దాం. యూరోపియన్ యూనియన్ వాళ్ల పరిశోధన నిధుల పథకం హొరైజన్ యూరప్‌లో నేరుగా అయ్యే ఖర్చు మీద 25 శాతం పరోక్ష ఖర్చుల కింద అదనంగా ఇస్తారు, అంటే కరెంటు, ఆఫీసు, అకౌంటెంటు లాంటివాటికి. మంచి రూలే. కానీ సబ్‌కాంట్రాక్టుకి ఇచ్చిన మొత్తం ఆ 25 శాతం లెక్కలోకి రాదు. కాబట్టి ఒక చిన్న సంస్థని లబ్ధిదారుగా, అంటే గ్రాంటు ఒప్పందంలో నేరుగా భాగమైన సంస్థగా రాశారా, సబ్‌కాంట్రాక్టర్‌గా రాశారా అన్న ఒక్క మాటతో అంతా మారిపోతుంది. సబ్‌కాంట్రాక్టర్ అయితే తన ఆఫీసు ఖర్చు ఏదో తన రేటులోనే కలుపుకోవాలి, ఆ రేటు మీద బేరమాడేది ప్రాజెక్టు నడిపే యూనివర్సిటీయే. ఫొటోలో ఇద్దరూ భుజం మీద చేయి వేసుకునే ఉంటారు లెండి.

మాట్లాడితే "చిన్న సంస్థలకి ఆడిట్ సామర్థ్యం లేదు" అంటారు. లేదు, ఒప్పుకుంటాను. మరి ఒక అకౌంటెంట్ జీతం బడ్జెట్లో పెట్టొచ్చుగా? ముగింపు సదస్సుకి, ఎవరూ వాడని ఆ గుడ్డ సంచులకి డబ్బు ఎలా దొరుకుతుందో!

ఆగిపోవడం సంగతి ఇంకా దారుణం. బ్రిటన్ తన విదేశీ అభివృద్ధి సాయాన్ని జాతీయ ఆదాయంలో 0.7 శాతం నుంచి 0.5కి తగ్గించింది. దాంతో 2021 మార్చిలో అక్కడి పరిశోధన నిధుల సంస్థ యూకే రీసెర్చ్ అండ్ ఇన్నొవేషన్, ఆ సాయం పద్దులో తనకు అందే డబ్బుకీ అప్పటికే ఒప్పుకున్న ఖర్చుకీ మధ్య 12 కోట్ల పౌండ్ల తేడా ఉందని చెప్పింది. నడుస్తున్న ప్రాజెక్టులకి సగంలో కోత పడింది. పర్మనెంట్ ఉద్యోగం ఉన్న ప్రొఫెసర్‌కి అది ఒక చేదు అనుభవం, అంతే. ప్రాజెక్టు డబ్బుతోనే పనిలోకి తీసుకున్న వాళ్లకి, రికార్డింగుకి మాట ఇచ్చిన కళాకారులకి ముఖం ఎలా చూపించాలి? వాళ్ల గుమ్మం ముందు నిలబడి సారీ చెప్పాల్సింది మంత్రి కాదు, నాలాంటి వాళ్లం.

సవ్యంగా ముగిసిన ప్రాజెక్టుల్లోనూ మూడేళ్ల గడువు అయిపోగానే అంతా బంద్. నాలుగో ఏడు సర్వర్ అద్దె ఎవరు కట్టాలి, పాడైన హార్డ్‌డిస్క్ ఎవరు మార్చాలి అన్నది ఏ ఫారంలోనూ ఉండదు. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో ఒక పెద్దావిడ రెండు రోజులు కూర్చుని పాటలు పాడింది. తర్వాత తన గొంతు మళ్లీ వినాలని అడిగితే, వాటికి యూనివర్సిటీ లాగిన్ ఉండాలట. ఆ మాట ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక, నా ఫోన్లో పొరపాటున మిగిలిపోయిన ఒక ముక్క వినిపించాను.

ఇది చేతకాని పని కూడా కాదు. బ్రిటిష్ లైబ్రరీ 2004 నుంచి నడుపుతున్న అంతరించే ప్రమాదంలో ఉన్న ఆర్కైవుల కార్యక్రమంలో అసలు పత్రాలు దేశం దాటకూడదు, డిజిటల్ కాపీ ఒకటి అక్కడి సంస్థ దగ్గరే ఉండాలి. 2023 అక్టోబరులో అదే లైబ్రరీ మీద రాన్సమ్‌వేర్ దాడి (కంప్యూటర్లకి తాళం వేసి డబ్బు డిమాండ్ చేసే సైబర్ దాడి) జరిగి ఆన్‌లైన్ సేకరణలు నెలల తరబడి అందలేదు. ఆ రూలు ఎంత ముందుచూపో అప్పుడు అర్థమైంది. పెద్ద సంస్థ దగ్గరుంటే భద్రం అనే మాటని అప్పట్నుంచీ నేను వినడం మానేశాను.

క్రియేటివ్ ఇండస్ట్రీ వైపు చూస్తే నాకు భయం ఎక్కువ. 2020లో ఫ్రెంచ్ డిజైనర్ ఇసబెల్ మరాన్, మెక్సికోలోని పురెపెచా ప్రజల డిజైన్లు వాడుకున్నారని ఆ దేశ ప్రభుత్వం నిలదీస్తే క్షమాపణ చెప్పారు. అక్కడ నిలదీయడానికి ఒక ప్రభుత్వం ఉంది. మనం గ్రాంటు డబ్బుతో స్కాన్ చేసి, ఎవరైనా దించుకోండి అని నెట్లో పెట్టే అల్లికలూ ముద్రలూ రేపు ఒక గేమ్‌లోనో బట్టల మీదో తేలితే అడిగేదెవరు? వాడకం షరతులు ఆ కళ ఎవరిదో ఆ సముదాయమే రాసుకోవాలి, అదీ స్కానింగ్ మొదలవకముందే, అందుకయ్యే కాలానికి కూడా డబ్బివ్వాలి.

ఈసారి వచ్చిన మెయిల్‌కి నేను లేఖ పంపలేదు. బడ్జెట్ షీట్, లబ్ధిదారు హోదా, ప్రాజెక్టు అయ్యాక అయిదేళ్ల నిర్వహణ ఖర్చు, ఈ మూడూ చూపిస్తే సంతకం పెడతానని రాశాను. గడువు శుక్రవారం. ఇంకా జవాబు రాలేదు.