నల్లచుక్క కనిపించగానే సాల్మొనెల్లా కాదు

పేగు జబ్బులు తెచ్చే బ్యాక్టీరియాను ల్యాబ్‌లో ఎలా గుర్తించాలో చెప్పిన మీ వ్యాసం బాగుంది. కానీ ‘మెకాంకీ అగార్ మీద రంగులేని కాలనీ వస్తే అది సాల్మొనెల్లా లేదా షిగెల్లా’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. అగార్ అంటే బ్యాక్టీరియాను పెంచే జెల్లీ లాంటి పదార్థం, కాలనీ అంటే దాని మీద పెరిగిన బ్యాక్టీరియా గుంపు. మెకాంకీ మీద లాక్టోజ్‌ను (పాల చక్కెరను) పులియబెట్టేవి గులాబీ రంగుకు వస్తాయి. రంగు రాకపోవడం చెప్పేది ఒక్కటే: ఈ బ్యాక్టీరియా లాక్టోజ్‌ను పులియబెట్టలేదు అని. ప్రోటియస్ కూడా పులియబెట్టదు, సూడోమొనాస్ కూడా అంతే. షిగెల్లా సొన్నై ఇంకా తిరకాసు. మొదటి రోజు పాలిపోయి ఉండి, ఆలస్యంగా గులాబీ రంగుకు తిరగొచ్చు.

నాకైతే ఎక్స్‌ఎల్‌డీ అనే మరో రకం అగార్ మీద గురి. సాల్మొనెల్లా ముందు అందులోని జైలోజ్ అనే చక్కెరను వాడుకుని ఆమ్లం చేస్తుంది, దాంతో ఎర్రటి అగార్ పసుపుకు తిరుగుతుంది. ఆ చక్కెర అయిపోగానే లైసీన్ అనే అమైనో ఆమ్లం మీద పడుతుంది, దాంతో కాలనీ చుట్టూ మళ్లీ ఎరుపెక్కుతుంది. మధ్యలో హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల నల్లచుక్క. చేప కన్నులా ఉంటుంది, ఒకసారి చూస్తే మర్చిపోరు.

అయినా నేనూ బోల్తా పడ్డాను లెండి. ల్యాబ్‌లో చేరిన కొత్తలో నల్లచుక్క చూసి తెగ టెన్షన్ పడిపోయాను. చుట్టూ పసుపు ఉందన్న సంగతి గమనించనే లేదు. యూరియేజ్ (యూరియాను విడగొట్టే ఎంజైమ్) పరీక్ష పెడితే కొన్ని గంటల్లోనే ట్యూబ్ ముదురు గులాబీ అయింది. ప్రోటియస్! సాల్మొనెల్లాకు యూరియేజ్ ఉండదు కదా.

కలరా ఊసే ఎత్తలేదేం? దానికి టీసీబీఎస్ అనే అగార్ వాడాలి. కలరా తెచ్చే విబ్రియో కలరే సుక్రోజ్‌ను (మామూలు పంచదారను) పులియబెట్టి పసుపు కాలనీలు ఇస్తుంది, దాని బంధువు విబ్రియో పారాహీమోలిటికస్ ఆకుపచ్చగా ఉండిపోతుంది.

అన్నట్టు, ‘మీడియా అన్నీ ఆటోక్లేవ్ చేయాలి’ అని రాశారు, అంటే ఇలా బ్యాక్టీరియాను పెంచే పదార్థాలన్నిటినీ ఒత్తిడితో కూడిన ఆవిరిలో శుద్ధి చేయాలని. ఎక్స్‌ఎల్‌డీ, టీసీబీఎస్ రెండూ ఆటోక్లేవ్ చేయకుండా మరిగించి పోసేవే. ఆ వాక్యం సరిచేయండి, చదివిన విద్యార్థులెవరైనా పాడుచేసుకుంటారు.