పొయ్యి పోయింది, పిల్లి మంచం ఎక్కింది

సంక్రాంతికి ఇంకా నాలుగు రోజులుంది. అమలాపురం దగ్గర మా అమ్మమ్మగారి ఊరు, కొబ్బరితోట మధ్య ఇల్లు, పొద్దున్న ఎనిమిదవుతున్నా మంచు విడలేదు. కాఫీలు తాగుతుంటే మా అక్క "రాత్రంతా పిల్లి నా మోకాళ్లకి ఆనుకునే పడుకుంది, దానికి నేనంటే ఎంత ప్రేమో" అంది. అంతే, మావయ్య గ్లాసు కింద పెట్టేశారు. తర్వాత జరిగింది విన్నది విన్నట్టు రాస్తున్నా. నాకు అక్క వైపే కొంచెం మొగ్గు, అది ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది.

మావయ్య: ప్రేమా దోమా ఏం లేదమ్మాయ్, చలి. "పొయ్యిలో పిల్లి లేవలేదు" అని పెద్దవాళ్లు ఊరికే అన్నారా? కట్టెలపొయ్యి రోజుల్లో రాత్రి వంటయ్యాక బూడిద తెల్లవార్లూ వెచ్చగా ఉండేది, పిల్లి అందులోనే ముడుచుకునేది. ఇప్పుడు గ్యాస్ వచ్చింది, బూడిద లేదు. నువ్వే దాని పొయ్యివి.

అక్క: అంత తేలిగ్గా తీసేయకండి మావయ్యా.

మావయ్య: తీసేయడం కాదు, లెక్క చెప్తున్నా. పిల్లి ఒళ్లు మామూలుగానే 38, 39 డిగ్రీలుంటుంది. దానికి ఒంట్లో శక్తి ఖర్చు పెట్టకుండా హాయిగా ఉండాలంటే చుట్టూ 30 నుంచి 38 డిగ్రీల దాకా ఉండాలి. మనకి ఉక్కపోత మొదలయ్యేచోట దానికి సుఖం మొదలవుతుంది. ఇంత చలిలో నీ దుప్పటి కాక ఇంకెక్కడికి పోతుంది?

అక్క: మరి మే నెల సంగతేంటి? పోయిన ఎండాకాలం కరెంటు పోయి, నేను చాప కూడా భరించలేక వట్టి గచ్చు మీద పడుకుంటే, అది వచ్చి నాకు జానెడు దూరంలో పడుకుంది. ఆనుకోలేదు, అలాగని పోనూ లేదు. ఆ రోజు నా దగ్గర ఏం వేడి కావాలి దానికి?

మావయ్య: గచ్చు చల్లదనం కోసం వచ్చింది.

అక్క: గచ్చు ఇల్లంతా ఉంది కదండీ!

మావయ్య: సరే, భయం అనుకో. రోజుకి 12 నుంచి 16 గంటలు పడుకునే ప్రాణి, ఎక్కడ కళ్లు మూయాలో చూసుకోదా? వీధిలో కుక్కలు, తోటలో పాములు, పక్కింటి గండుపిల్లి ఒకటి. ఏదైనా వస్తే నువ్వు కేకేస్తావని దాని ధీమా.

అక్క: ధీమా అంటే నమ్మకమే కదా, నమ్మనివాళ్ల పక్కన ఎవరు నిద్రపోతారు? 2019లో అమెరికాలో, ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు పిల్లికూనల్ని కొత్త గదిలో యజమానితో 2 నిమిషాలు ఉంచి, తర్వాత 2 నిమిషాలు ఒంటరిగా వదిలి, మళ్లీ యజమానిని పంపి చూశారు. 64 శాతం కూనలు యజమాని రాగానే కుదుటపడి మళ్లీ గదంతా తిరగడం మొదలుపెట్టాయి. చంటిపిల్లలు అమ్మ దగ్గర చేసేదీ ఇదే.

మావయ్య: మిగతా 36? మన పిల్లి ఏ గుంపులోదో నువ్వు చూశావా?

(అక్క దగ్గర దీనికి జవాబు లేదు. కాఫీ తాగింది.)

మావయ్య: మనిషి గాదెలు కట్టాడు, గాదెలకి ఎలుకలొచ్చాయి, ఎలుకల కోసం పిల్లి వచ్చింది. మొదట్నుంచీ ఇది వ్యాపారమే.

అక్క: సైప్రస్‌లో దాదాపు 9,500 ఏళ్ల కిందటి సమాధి బయటపడింది. మనిషికి పక్కనే పిల్లి. వ్యాపారంలో వాటాదారుణ్ణి ఎవరైనా పక్కన పెట్టి పూడుస్తారా?

మావయ్య: అది మనుషుల ఇష్టం. పిల్లిని అడిగారా?

అక్క: పోనీ తిండి చూడండి. చేప తలకాయలు వేసేది అమ్మ, పాలు పోసేది అమ్మమ్మ. నేను చిల్లిగవ్వ పెట్టను. అయినా నా మంచమే ఎక్కుతుంది.

మావయ్య: మీ అమ్మ నాలుగింటికే లేస్తుంది, మీ అమ్మమ్మ రాత్రంతా అటూ ఇటూ దొర్లుతుంది. తొమ్మిదింటిదాకా కదలని పొయ్యివి నువ్వొక్కదానివే.

ఈ దెబ్బకి అందరం నవ్వేశాం, అక్క తప్ప. అయినా తను వదల్లేదు. పడుకునేముందు అది దుప్పటిని ముందుకాళ్లతో పిండి పిసికినట్టు పిసుకుతుందనీ, కూనలు తల్లి దగ్గర పాలు తాగేటప్పుడు చేసే పనే అదనీ, బుగ్గలు తన మోచేతికి రాస్తుందనీ చెప్పింది.

మావయ్య: బుగ్గల్లో వాసన గ్రంథులుంటాయమ్మా. గేదెకి వాత వేసినట్టు నీకు గుర్తు వేస్తోంది, నువ్వు దాని సొత్తని.

అక్క: అలాగైతే ఇది చెప్పండి. నేను పెళ్లికని కాకినాడ వెళ్లి పది రోజులు లేను. అన్నాళ్లూ అది నేను విడిచిన చున్నీ మీదే పడుకుందట. ఉతకడానికి తీస్తే అమ్మ చెయ్యి గీరింది, అడగండి. చున్నీలో వేడి లేదు, అది కేకలూ వేయదు.

మావయ్య కాసేపు ఏమీ అనలేదు.

మావయ్య: వాసన. దానికి కావలసింది నీ వాసన, నువ్వు కాదు.

అక్క: పిల్లికి వాసన వేరు, నేను వేరూనా మావయ్యా?

మావయ్య: ఏమోనమ్మా. మా ఇంట్లో ధాన్యం బస్తాలకి ఎలుకలు పట్టాయి, పండగయ్యాక దాన్ని వారం రోజులు తీసుకెళ్తా. ఆ చున్నీ కూడా ఇయ్యి. ఉతకొద్దు.