కిలోమీటరుకు పది రూపాయల పుణ్యం

ఉదయం అయిదు గంటల పది నిమిషాలకు, పర్లాకిమిడిలో పాలవాడింకా గేటు తట్టకముందే, నా ఫోను ఒకసారి మూలిగి ఊరుకుంటుంది. తెరిచి చూస్తే పొడిగా ఉన్న ఒక ముఖం, దాని కింద ఒక వాక్యం: "మాస్టారూ, ఈ ఉదయం మీ కోసం 18 కిలోమీటర్లు." ఏడున్నరకు అదే ముఖం చెమటతో తడిసి మళ్లీ వస్తుంది, ఈసారి పక్కన ఎర్రగీత గీసిన పటం కూడా ఉంటుంది. ఈ వాక్యంలో నాకు అభ్యంతరం లేని మాట 'మాస్టారూ' ఒక్కటే. నా కోసం పరుగెత్తమని నేను ఆయనను ఎన్నడూ కోరలేదు. నా కోసం ఎవరైనా ఏమైనా చేయదలిస్తే ఆ వేళకు నన్ను నిద్రపోనివ్వడం కన్న గొప్ప ఉపకారం లేదు.

ఆయన మా వీధి చివర ఉండే బీమా ఏజెంటు. నలభై నాలుగేళ్ల వయసులో, వైద్యుడు చక్కెర సంగతి హెచ్చరించిన వారంలోనే, ఆయన హృదయంలో సేవాభావం ఉదయించింది. రోజూ గంటసేపు నడిస్తే చాలునని వైద్యుడు చెప్పాడట. కాని నడకకు చందా పుట్టదు. అందుచేత ఆయన జనవరిలో ముంబై వెళ్లి మారథాన్ పరుగెత్తాలనీ, ఆ పరుగు పేర నిధి పోగుచేసి, మా కొండ ఊళ్లలో గర్భిణులనూ రోగులనూ డోలీలో మోసుకొచ్చే దుస్థితి తొలగిపోయేటట్టు ఒక వాహనం కొనాలనీ సంకల్పించారు. ఇంతవరకు ఎవరికీ ప్రీమియం కట్టే మనసు పుట్టించలేకపోయిన మనిషి, ఇప్పుడు వీధి మొత్తం చేత తన మోకాళ్లకు వాయిదాలు కట్టిస్తున్నారు.

ధర కిలోమీటరుకు పది రూపాయలు. మారథాన్ పొడవు 42.195 కిలోమీటర్లు గనుక నా వంతు 421 రూపాయల 95 పైసలు. అయిదు పైసలు చేర్చి 422 చేయవలసిందిగా ఆయన ప్రార్థన. నేను ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని. పైసల దగ్గర తొందరపడను. 1896లో ఏథెన్స్‌లో జరిగిన మొదటి ఒలింపిక్ మారథాన్ దాదాపు 40 కిలోమీటర్లే. 1908లో లండన్ వంతు వచ్చినప్పుడు, పరుగు విండ్సర్ కోట దగ్గర మొదలై, క్రీడాంగణంలో రాజకుటుంబం కూర్చునే చోటికి ఎదురుగా ముగిసేటట్టు ఏర్పాటు చేయడంతో దూరం 26 మైళ్ల 385 గజాలయింది. 1921లో ఆ దూరాన్నే లోకమంతటికీ ఖాయం చేశారు. అంటే ఆనాటి ఇంగ్లండు రాజకుటుంబం మెడ తిప్పే శ్రమ లేకుండా పరుగు చూడడానికి పెరిగిన 2.195 కిలోమీటర్లకుగాను, ఈనాడు పర్లాకిమిడిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు 21 రూపాయల 95 పైసలు చెల్లించాలి. మా రాజావారి కోట ఎదుట ముగించుకుంటే ఎంత తగ్గిస్తారని అడిగాను. ఆయన నవ్వలేదు. పరుగువీరులు నవ్వరు; ఊపిరి వృథా అవుతుంది.

శిక్షణ వివరాలు మీకూ తెలిసే ఉంటాయి, ఎందుకంటే ఇటువంటి మహానుభావుడు ఇప్పుడు వీధికొకరు ఉన్నారు. మా ఆయన ఇంటి దగ్గర బయలుదేరి, సరిహద్దు దాటి, పాతపట్నం నీలమణి దుర్గ అమ్మవారి గుడి వరకు వెళ్లి వెనుదిరుగుతారు. మాకు పాతపట్నమంటే కూతవేటు దూరం. కూరలకూ పెళ్లిపిలుపులకూ పోయివచ్చే చోటు. ఆయన పటంలో మాత్రం అది 'అంతర్రాష్ట్ర పరుగు'. అటూ ఇటూ చుట్లు కొట్టిన రోజున ఆయన ఒకే ఉదయం నాలుగైదుసార్లు ఒడిశా వదిలి ఆంధ్రలో అడుగుపెడతారు. 1936లో ఈ సరిహద్దు గీసినవారు కూడా అన్నిసార్లు దీన్ని దాటి ఉండరు.

ఇక ఖర్చు సంగతి. రెండు జతల బూట్లు ఇరవై ఎనిమిది వేలు. గుండె చప్పుడు లెక్కపెట్టే గడియారం ముప్పై రెండు వేలు. బరంపురం మీదుగా ముంబై పోయే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఉండగా, కాళ్లు పట్టేస్తాయన్న భయంతో విశాఖ నుంచి విమానం, అక్కడ హోటలు, దారిలో చీకడానికి జిగురులాంటి తీపి పొట్లాలు. వెరసి తొంభై వేలు. వాహన నిధికి ఆయన పెట్టుకున్న లక్ష్యం యాభై వేలు. ఆయన పరుగెత్తకుండా ఇంట్లో కూర్చుని ఆ తొంభై వేలూ కొండ ఊళ్లకు ఇచ్చి ఉంటే, నిధికి నలభై వేలు లాభమూ, నాకు నిద్రా మిగిలేవి. ఈ లెక్క ఆయన ముందు పెట్టాను. "మీకు స్ఫూర్తి విలువ తెలియదు మాస్టారూ" అన్నారు.

తెలియకేమి? మన దేశంలో ఒళ్లు అలిసేటట్టు పుణ్యం సంపాదించడం కొత్త కాదు. మోకాళ్లతో తిరుమల కొండ ఎక్కినవారున్నారు, గుడి చుట్టూ పొర్లుదండాలు పెట్టినవారున్నారు. అయితే మొక్కు చెల్లించేవాడు తన ఒళ్లు తానే హూనం చేసుకొని, హుండీలో తన డబ్బు తానే వేస్తాడు. ఒళ్లు ఒకడిది, డబ్బు ఊరిది, పేరు మళ్లీ ఆ ఒకడిదే అనే ఈ త్రివేణీ సంగమం మన పెద్దలకు తట్టలేదు. గోదావరి లంకల్లో వేళ కాని వేళ వచ్చినవారికి కూడా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారు, వడ్డనకు ముందు ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తారో ఎవరూ రాసిపెట్టలేదు.

కాని ఇదంతా నేను సహించేవాణ్నే. సహించలేకపోయినది గత నెలలో ఒక ఆదివారం జరిగిన జెండా ఊపే ఉత్సవం. అది ముంబై పరుగు కాదు. దానికోసం చేసే దూరాభ్యాసం మాత్రమే, 32 కిలోమీటర్లు. అయినా శామియానా వేశారు, కుర్చీలు వేశారు, మైకు పెట్టారు. ఆరింటికని పిలిచారు, ముఖ్య అతిథి ఏడూ నలభైకి వచ్చారు. ఈలోగా వీరుడు మూడుసార్లు ఒళ్లు వేడెక్కించుకొని మూడుసార్లు చల్లారారు. పురోహితునికి బూట్ల పూజా విధానం ఏ గ్రంథంలోనూ దొరకలేదు కాబోలు, వాహనపూజ ప్రారంభించి, చక్రాల కింద పెట్టవలసిన నిమ్మకాయలను రెండు బూట్ల కిందా పెట్టి తొక్కమన్నారు. ఎడమ కాయ పగిలింది. కుడి కాయ జారింది. నలుగురు పట్టుకోకపోతే నాలుగు నెలల శిక్షణా, కొండ ప్రజల భవిష్యత్తూ ఆ నిమ్మకాయ మీదే ముగిసిపోయేవి.

వేదిక వెనుక కట్టిన బట్ట మీద 'సేవకై పరుగు తీస్తున్న మన వీరుడికి జేజేలు' అని ఉండవలసింది. తెలుగు రాని కుర్రవాడు అక్షరాలు పేర్చడంలో 'గు'కు 'వు' పడింది. దాన్ని ఎవరూ గమనించకపోయినా నష్టం లేకపోయేది. కాని ముఖ్య అతిథి ప్రసంగానికి వేరే ఏమీ సిద్ధం చేసుకోలేదు గనుక, వెనక్కు తిరిగి, కళ్లజోడు సవరించుకొని, "సేవకై పరువు తీస్తున్న మన వీరుడు" అని నిండు కంఠంతో చదివారు. సభ చప్పట్లు కొట్టింది. మా ఊళ్లో ఏ మాటైనా తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి వినవలసిందే గనుక, అనువాదకుడు ఒక క్షణం తటపటాయించి, ఉన్నది ఉన్నట్టు ఒడియాలోకి మార్చాడు. మళ్లీ చప్పట్లు.

ఆ తరువాత జెండా ఊగింది. వీరుడు కదలలేదు. గడియారానికి ఉపగ్రహం అందలేదట. చేయి ఆకాశం వైపు చాచి, వర్షం కోసం తపస్సు చేస్తున్న ఋషిలాగ ఆయన నిలబడ్డారు. ఎప్పుడు ఆపాలో తెలియని ముఖ్య అతిథి రైలు గార్డులాగ జెండా ఊపుతూనే ఉన్నారు. బ్యాండు మేళం ఒకే చరణాన్ని తిప్పి తిప్పి వాయించింది. లెక్కలోకి ఎక్కని అడుగు ఆయన వేయరు. చివరికి గడియారం కూసింది, ఆయన కదిలారు, వెనుక ఆయన భార్య స్కూటరు మీద రెండు అత్తాల అరటిపళ్లతో బయలుదేరింది, ఆమె వెనుక కుక్కలు బయలుదేరాయి.

ఊరి పొలిమేరలో, సంతకు వస్తున్న సవర స్త్రీలు ఎదురయ్యారు. నెత్తిన కొండచీపుళ్ల మోపులు, అడ్డాకుల కట్టలు. రొప్పుతూ వస్తున్న మా వీరుణ్ని చూసి అందరిలో పెద్దావిడ ఆగింది, మోపు దించింది, ఆయనను దాటి వెనక్కు చూసి, రోడ్డు పక్కనున్న కర్ర అందుకుంది. ఎలుగుబంటి తరుముతున్నదనుకున్నదట. ఏమీ రావడం లేదని తేల్చుకున్నాక, జాలిపడి తన నీళ్లు ఇవ్వబోయింది. ఆయన గడియారం ఆపి, ఆమె పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. ఆ సాయంత్రం అది 'గిరిజన సోదరి ప్రోత్సాహం' అనే శీర్షికతో మా అందరి ఫోన్లకూ చేరింది. ఆమె ఆ వేళకు ఎన్ని కిలోమీటర్లు మోత మోసి వచ్చిందో అందులో లేదు. 1896లో ఏథెన్స్ పరుగు గెలిచిన స్పిరిడాన్ లూయిస్ కూడా నీళ్లు మోసి బతికిన పల్లెటూరివాడే గాని, ఆ సంగతి ఆ ఫొటోలో ఇమడదు.

ఇక్కడొక మనవి. ఈ ఊళ్లోనే గిడుగు రామమూర్తిగారు రాజావారి బడిలో చదువు చెప్పేవారు. ఆయన ఊరిలో కూర్చుని నేను ఇంత బిగుసుకున్న తెలుగు రాస్తున్నందుకు ఆయన ఆత్మ క్షమించుగాక. ఆయన సవరల కోసం సవర భాష నేర్చుకున్నారు, సొంత ఖర్చుతో వారి పిల్లలకు బడులు పెట్టించారు, మన్యం జ్వరానికి క్వినైన్ మింగి మింగి చెవులు పోగొట్టుకున్నారు. కొండదారిలో ఆయన నడిచిన దూరం ఏ గడియారంలోనూ లేదు. చెవుడుకు ఎవరి దగ్గరా చందా వసూలు చేసినట్టు కూడా లేదు.

ఆ ముఖ్య అతిథి ఎవరో ఇంకా చెప్పలేదు. ఆయన రోడ్ల గుత్తేదారు. కొండ మీదికి వేయవలసిన ఒక రోడ్డు ఆయన చేతిలోనే ఉంది. సగం కాగితం మీద ఉంది, మిగిలిన సగంలో కల్వర్టు మొదటి వానకే కొట్టుకుపోయింది. ఆ మహాశయుడు, డోలీ లేని కొండలను చూడాలన్నది తన చిరకాల స్వప్నమని చెప్పి, చప్పట్ల మధ్య అయిదువేల నూటపదహార్లు సమర్పించారు. మా వీరుడు వంగి కాళ్లకు దండం పెట్టారు. నేను ముందు వరుసలో కూర్చుని ఉన్నాను. లేచి ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు అంటాను. డోలీ వాహనం లేక పుట్టలేదు, దారి లేక పుట్టింది. మీరు కొనబోయే వాహనం ఎక్కడ నిలుస్తుంది? తారు ఆగిన చోట. ఆ పైన మళ్లీ అదే కర్ర, అదే దుప్పటి, అవే నాలుగు భుజాలు. నేను ఉద్యోగంలో ఉండగా, ఒక వానాకాలపు తెల్లవారుజామున, గుమ్మ వైపు కొండల నుంచి దిగివస్తున్న ఒక డోలీని చూశాను. రాత్రంతా నడిచివచ్చారు. లోపల పురిటినొప్పుల మనిషి. అరవడం కూడా మానేసింది. మోస్తున్నవారిలో ఒక కుర్రవాడు భుజం మార్చుకుంటూ, రోడ్డు ఇంకా ఎంత దూరమని నన్ను అడిగాడు. లెక్కల మాస్టార్ని, నాకు జవాబు తెలుసు. 'దగ్గరే' అని అబద్ధం చెప్పాను. ఆమె ఏమయిందో నేను తెలుసుకోలేదు. ఆ సిగ్గు నాది, అది ఎవరి మీదా తోయను. కాని ఆ గుత్తేదారు కాళ్లకు దండం పెట్టిన సిగ్గు నాది కాదు. 2016 ఆగస్టులో కలహండిలో వాహనం దొరకని ఒక మనిషి భార్య శవాన్ని భుజాన వేసుకొని, పక్కన ఏడుస్తున్న కూతురితో, పది కిలోమీటర్ల వరకు నడిచాడు. దేశమంతా ఆ దృశ్యాన్ని ఫోనులో చూసింది. కిలోమీటరుకు ఎంత కట్టాం మనం ఆయనకు? రోడ్డు ఏదని అడగడానికి ముంబై దాకా పరుగెత్తనక్కరలేదు. కలెక్టరు కచేరీ దాకా నడిస్తే చాలు, చెప్పులతో నడిచినా చాలు. ఆ నడకకు మాత్రం ఈ వీధిలో ఒక్కడు రాడు. పతకం ఇవ్వరు మరి.

ఇదంతా కొంచెం మర్యాదగా, బీమా ఏజెంటుతో మాట్లాడవలసిన పద్ధతిలోనే, ఆయనతోనూ చెప్పాను. ఒక బేరం కూడా పెట్టాను. వచ్చే ఆదివారపు దూరాభ్యాసం పాతపట్నం వైపు వద్దు. గుమ్మ వైపు కొండ ఎక్కుదాం. ఊరి నుంచి తారు దాకా, ఖాళీ డోలీ అయినా సరే, కర్ర ఒక కొస మీ భుజాన, ఒక కొస మరొకరి భుజాన. గడియారం పెట్టుకోండి, ఉపగ్రహం అందేదాకా ఆగుతాను. కిలోమీటరుకు పది కాదు, నూరు రూపాయలు ఇస్తాను; రాజకుటుంబం వారి అదనపు దూరం కూడా కలుపుకోండి.

ఆయన చాలాసేపు ఆలోచించారు. ఫోను తీసి శిక్షణ పట్టిక చూశారు, ఆ కొండ ఎంత ఎత్తో చూశారు.

"ఎత్తు ఎక్కితే సగటు పడిపోతుంది మాస్టారూ" అన్నారు.