పరిమిత ప్రభుత్వ సిద్ధాంతం గారూ, గెలిచాక ఎక్కడికి పోతారు?

అమెరికా వాస్తవ్యులు, రాజ్యాంగం రాసిచ్చినంత మేరకే ప్రభుత్వం పనిచేయాలనే పరిమిత ప్రభుత్వ సిద్ధాంతం గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

తమరి కుశలం గురించి మాత్రం కాస్త బెంగగా ఉంది. పందొమ్మిదో శతాబ్దం తొలి నలభై ఏళ్ళు తిరగేస్తే, ఎన్నికలకు ముందు తమరిని ఉత్సవ విగ్రహంలా ఊరేగించడం, గెలిచాక గుళ్ళో పెట్టి తాళం వేయడం తప్ప వేరే కార్యక్రమం పెద్దగా కనబడలేదు.

1791లో ఆర్థిక మంత్రి హామిల్టన్ జాతీయ బ్యాంకు పెడదామంటే తమరి భక్తులు జెఫర్సన్, మాడిసన్ లబలబలాడారు. రాజ్యాంగంలో బ్యాంకు మాట ఎక్కడుందని నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. జెఫర్సన్ గారు అధ్యక్షుడయ్యాక, అదే బ్యాంకు న్యూ ఆర్లియన్స్‌లో బ్రాంచి తెరుచుకోవడానికి వీలిచ్చే చట్టం మీద 1804లో సంతకం పెట్టారు. 1811లో బ్యాంకు అనుమతి గడువు పొడిగింపుపై సెనేట్ సరిసమానంగా చీలిపోతే, ఉపాధ్యక్షుడు జార్జ్ క్లింటన్ తన ఓటుతో దాని కథ ముగించాడు. తమరు గెలిచారని సంబరపడేలోగా మరుసటి ఏడే బ్రిటన్‌తో యుద్ధం. ఖజానాకి అప్పు పుట్టడం గగనమైంది. చివరికి 1816లో రెండో బ్యాంకుకి సంతకం చేసింది ఎవరు? అప్పటికి అధ్యక్షుడైన మాడిసన్ గారే. మూలధనం మూడున్నర కోట్ల డాలర్లు, అంటే ఆయన వద్దన్న మొదటి బ్యాంకుకి మూడున్నర రెట్లు.

తమరి పేరు చెప్పుకుని అందరికంటే ఎక్కువ పేరు తెచ్చుకున్నవాడు అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్. 1832 నాటికి బ్యాంకు గడువు ఇంకా నాలుగేళ్ళుంది. ఎన్నికల ఏడు కదా, పొడిగింపు బిల్లు ఇప్పుడే పెడితే జాక్సన్ వీటోకి జంకుతాడని ఆ ఎన్నికల్లో ఆయన ప్రత్యర్థి హెన్రీ క్లే లెక్క వేశాడు. బ్యాంకు అధ్యక్షుడు నికొలస్ బిడిల్ తలూపాడు. జులై 10న జాక్సన్ వీటో కొట్టాడు. డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్ళు ప్రభుత్వాన్ని తమ స్వార్థానికి వంచుకుంటున్నారని అందులో దుమ్మెత్తిపోశాడు. అది చదివితే జనం జాక్సన్‌ని ఛీ కొడతారనుకుని బిడిల్ ఆ వీటో సందేశాన్నే 30,000 కాపీలు పంచిపెట్టించాడు. జనం శ్రద్ధగా చదివారు. జాక్సన్‌నే గెలిపించారు. ప్రత్యర్థి ప్రచారానికి ఇంత ఉదారంగా సాయపడిన బ్యాంకరు మళ్ళీ పుట్టి ఉండడు.

ఆయన అక్కడితో ఆగి ఉంటే తమరికి నిత్యపూజలు జరిగేవి. 1833లో ప్రభుత్వ డిపాజిట్లు ఆ బ్యాంకులో వేయడం ఆపేయాలని పట్టుబట్టాడు. చట్టప్రకారం ఆ అధికారం ఆర్థిక మంత్రిది. లూయిస్ మెక్‌లేన్‌కి అది ఇష్టం లేదు, ఆయన్ని విదేశాంగ శాఖకు మార్చారు. తర్వాత వచ్చిన విలియం డ్యుయేన్ ససేమిరా అన్నాడు, ఉద్యోగం ఊడింది. మూడోవాడు రోజర్ టానీ చిత్తం అన్నాడు. డబ్బు ఏరికోరిన రాష్ట్ర బ్యాంకులకు చేరింది. 'పెంపుడు బ్యాంకులు' అని వాటిని గిట్టనివాళ్ళు వెక్కిరించారు. ప్రభుత్వం చిన్నదిగా ఉండాలనేగా తమరి కోరిక. మరీ ఒక్క మనిషంత చిన్నదిగానా స్వామీ?

చెరోకీల్లాంటి తెగలను మిసిసిపీ నది అవతలికి పంపే 1830 చట్టం మీద సంతకమూ ఆయనదే. ఆ పూట తమరు ఏ ఊళ్ళో ఉన్నారో అడగను.

అవతలి పక్షం కూడా తక్కువ తినలేదు. డేనియల్ వెబ్‌స్టర్ సెనేట్‌లో బ్యాంకు కోసం గొంతు చించుకుంటూనే, బ్యాంకు లాయరుగా తనకొచ్చే ఫీజు ఎప్పటిలా రెన్యూ కాలేదని 1833 డిసెంబరులో బిడిల్‌కి ఉత్తరం రాశాడు. రాజ్యాంగం మీద అభిప్రాయాలకు కూడా రెన్యూవల్ డేట్ ఉంటుందన్నమాట.

జాక్సన్ 1835 నాటికి దేశం అప్పు అణా పైసలతో సహా తీర్చాడు, అది ఒప్పుకోవాలి. 1837 మార్చిలో దిగిపోయాడు. మే నెలకల్లా బ్యాంకులు నోట్లకు బదులు వెండి బంగారాలు ఇవ్వడం ఆపేశాయి. ఆ టెన్షన్ అంతా తర్వాత వచ్చిన వాన్ బ్యురెన్ నెత్తిన పడింది.

బ్యాంకుల విషయంలో తమరిని కుర్చీ ఎక్కాక కూడా వదలనివాడు ఈ వాన్ బ్యురెనే. కష్టం వస్తే చాలు జనం ప్రభుత్వం వైపు మరీ ఎక్కువగా చూస్తారని కాంగ్రెస్‌కే చెప్పాడు. సర్కారు డబ్బు సర్కారే దాచుకుంటుంది, బ్యాంకుల గొడవే వద్దన్నాడు. ప్రత్యర్థులు ఆయన్ని 'వాన్ రూయిన్' అన్నారు, 1840లో జనం ఇంటికి పంపారు. మరొకడు జాన్ టైలర్. జాక్సన్ వ్యతిరేకుల విగ్ పార్టీ టికెట్ మీద ఉపాధ్యక్షుడై, అధ్యక్షుడు పోవడంతో ఆ కుర్చీలోకి వచ్చాడు. 1841లో మళ్ళీ జాతీయ బ్యాంకు పెట్టడానికి సొంత పార్టీ తెచ్చిన బిల్లులను రెండుసార్లు వీటో చేశాడు. పార్టీ వెలేసింది. మంత్రులంతా రాజీనామా చేశారు, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరూ ఎవరనుకున్నారు? వెబ్‌స్టర్!

ఇట్లు,
ప్రతిపక్షంలో ఉన్నంతకాలం తమరిని నమ్మే
ఒక విధేయుడు