చి. సెంపర్వైవమ్ నామకరణ మహోత్సవం

పెళ్లిపత్రికలో వరుడి పేరుకు ముందు తప్పనిసరిగా ‘చి.’ వేయించే మనకు, ఒక మొక్కకు ‘సెంపర్వైవమ్’, అంటే లాటిన్‌లో ‘ఎల్లప్పుడూ బతికి ఉండేది’, అని పేరు పెట్టిన ఐరోపావారిని తప్పుపట్టే అర్హత లేదు. 1753లో, మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ వాటిలో ఒక జాతికి ‘టెక్టోరమ్’, అనగా ‘ఇంటికప్పులది’, అని అక్షరాలా ఇంటిపేరే తగిలించాడు.

కప్పెక్కడానికి దానికి రాజాజ్ఞ కూడా ఉంది. సుమారు క్రీ.శ. 800 నాటి, పశ్చిమ ఐరోపాను ఏలిన షార్లమేన్ చక్రవర్తి ఎస్టేట్ల శాసనం, తోటల్లో పెంచవలసిన మొక్కలన్నిటినీ ఏకరువు పెట్టి, తోటమాలి తన ఇంటి మీద ‘జూపిటర్ గడ్డం’ ఉంచుకోవాలని ఆదేశిస్తుంది. ఆ గడ్డం ఈ మొక్కే. రోమన్ల పిడుగుల దేవుడైన జూపిటర్ తన గడ్డం మీద తానే పిడుగు వేసుకోడన్నది జనంలో ఉన్న తర్కం. ఉరిమినప్పుడల్లా ‘అర్జున, ఫల్గుణ’ అనుకుని పైసా ఖర్చు లేకుండా గండం గడుపుకునే మనకు ఇది దండగగా తోచవచ్చు గాని, సాక్సన్ తెగలను కత్తి చూపి క్రైస్తవంలో కలిపిన చక్రవర్తే అన్యదేవుడి గడ్డాన్ని తోటమాలి నెత్తిన పెట్టాడంటే, పిడుగు ముందు మతపట్టింపులు ఎంతటివారికైనా సడలుతాయని గ్రహించాలి.

ఇంగ్లీషువారు దీన్ని ‘హౌస్‌లీక్’ అన్నారు. కప్పు కారుతోందేమోనని మేస్త్రీకి కబురు పెట్టనక్కరలేదు. పాత ఇంగ్లీషులో ఆ ‘లీక్’ ఉల్లికాడకే గాక తోటమొక్కలకూ చెల్లేది.

ఇక ఆయుష్షు సంగతి. ఆల్ప్స్ బండల సందుల్లో పిడికెడు మట్టి కూడా లేనిచోట, మంచుకూ ఎండకూ చలించక, కొసలకు గోరింటాకు పెట్టినట్టున్న దళసరి ఆకులను పువ్వులా ముడుచుకుని కూర్చునే ఈ చిరంజీవి, కొన్నేళ్లకు నడిమధ్య నుంచి ఒక కాడను నిలబెట్టి, గులాబీరంగు నక్షత్రాల్లాంటి పూలు పూసి, ఆ పూత ముగియగానే నిలువునా ఎండి చస్తుంది. శాస్త్రజ్ఞులు మాత్రం పేరు మార్చలేదు. పోయేలోపే అది తన చుట్టూ పిల్లలను వేసి ఉంటుంది కనుక, ఖాళీ అయిన చోటును వాటిలో ఒకటి ఆక్రమిస్తుంది. నియోజకవర్గాల చరిత్ర తెలిసిన తెలుగు ఓటరుకు ఈ తరహా అమరత్వాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

ఇదే కుటుంబానికి చెందిన మన రణపాల, తెంచి పారేసిన ఆకు అంచున సైతం పిల్లలను లేపుతుంది. పుండ్లకు కట్టు కట్టే ఆ మొక్కకు ‘చి.’ పెట్టాలని ఇంతవరకు ఎవరికీ తోచలేదు.